బ్రేకరుకి కట్టిన తువ్వాలు

ప్రభువు పేరట ఈ పత్రిక చేతిలో పట్టుకున్న సహోదరులకూ సహోదరీలకూ నా వందనాలు. నేను చెప్పబోయేది తాగుడు మానిన సాక్ష్యం కాదు, జబ్బు నయమైన సాక్ష్యమూ కాదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను సారా ముట్టలేదు, బీడీ కాల్చలేదు, పేకముక్క పట్టలేదు, కాబట్టి విడుదల అనేది ఎవరికో కావాలి గాని నాకెందుకు అని గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయినవాణ్ణి. అలాంటి నన్ను అరచేతిలో ఇమిడే వస్తువు ఒకటి మెడ పట్టి ఈడ్చుకుపోయింది, అదీ దేవుని పేరు చెప్పి ఈడ్చుకుపోయింది! నా కడుపుమంట అక్కడే ఉంది సహోదరులారా. ఇది రాసి మా సంఘకాపరి అయ్యగారికి చూపిస్తే, సాక్ష్యంలో ఇంత కోపం ఎందుకు నాయనా, కాస్త తగ్గించు అన్నారు. తగ్గించాను. తగ్గించగా మిగిలిందే ఇది.

నాది వెల్దుర్తి వైపు ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు పని. ఊరి పేరు రాయను, అక్కడ నాతో పనిచేసేవాళ్లంతా మంచివాళ్లే. చుట్టూ మెట్టపొలాలు, మిరప, పత్తి, వాటికి బోర్లు, ఆ బోర్లకి కరెంటు మా చేతుల మీదుగా పోవాలి. బయటినుంచి చూసేవాళ్లు, నీకేమయ్యా, నీడపట్టున కుర్చీలో కూర్చునే ఉద్యోగం అంటారు. నిజమే, కూర్చోవడమే మా ఉద్యోగం. కాకపోతే కూర్చుని కళ్లు తిప్పకుండా ఉండడం ఎంత కష్టమో నాకూ తెలియలేదు, అందుకే ఇంత కథ నడిచింది.

మా పనిలో ఎల్సీ అని ఒకటి ఉంటుంది. లైను మీద రిపేరు చేయడానికి లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కే ముందు ఆపరేటరు ఆ లైనుకి కరెంటు ఆపి, ఇక ఎక్కు అని మాట ఇవ్వాలి. ఆ మాటే ఎల్సీ. లైన్‌మ్యాన్ దిగి వచ్చి పని అయిపోయింది అని చెప్పేదాకా ఆపరేటరు ఆ బ్రేకరు స్విచ్చు ముట్టుకోకూడదు. ఇంతే, ఇంతకు మించి శాస్త్రం ఏమీ లేదు, కానీ ఈ ఇంత మీదే ఒక మనిషి ప్రాణం ఉంటుంది. మా సబ్‌స్టేషన్‌లో దీనికి ఒక పాత ఆచారం ఉండేది. ఎల్సీ తీసుకునే లైన్‌మ్యాన్ తానే వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి, ఆపిన బ్రేకరు పిడికి ముడి వేసి వెళ్లేవాడు. ఎవరు కట్టారో వాళ్లే విప్పాలి. ఆపరేటరు మారినా, ఆఫీసరు వచ్చినా, రైతులు గేటు దగ్గర గోల పెట్టినా ఆ ముడి మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు, ఏ రూలు పుస్తకంలోనూ లేదు, కానీ నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ తువ్వాలు వేలాడుతుంటే బ్రేకరు దగ్గర గట్టిగా మాట్లాడడానికి కూడా జంకేవాళ్లం.

మా లైన్‌మ్యాన్ ఆంజనేయులు బాబాయి. బాబాయి అంటే చుట్టరికం ఏమీ లేదు, మా కులం వేరు, ఆయన కొలిచే దేవుడు వేరు, మా వీధి చివర ఇల్లు, చిన్నప్పటినుంచి అలా పిలవడం అలవాటు. మనిషి మొండి, నోరు దురుసు, పొగాకు నమిలి ఎక్కడ పడితే అక్కడ ఉమ్ముతాడు, పిన్నితో రోజూ తగువే. పనిలో మాత్రం ఎల్సీ ఇచ్చాను బాబాయ్ అంటే చాలు, వెనక్కి తిరిగి ఇంకో మాట అడగకుండా పోయి స్తంభం ఎక్కేవాడు. నన్ను అంత నమ్మిన మనిషి ఈ భూమి మీద మా ఆవిడ తర్వాత ఆయనొక్కడే.

ఇప్పుడు ఆ అరచేతి పిశాచం సంగతి చెబుతాను. మొదట అది దొంగలాగా రాలేదు, పాస్టరులాగా వచ్చింది. మా సంఘంలో ఫోను గ్రూపు ఒకటి పెట్టి గొలుసు ప్రార్థన మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి ఒక్కో గంట, ఆ గంటలో ప్రార్థన చేసి గ్రూపులో ఆమేన్ అని పెట్టాలి, అది చూసి తర్వాతివాళ్లు అందుకోవాలి. పగటి గంటలు ఎవరు తీసుకుంటారు అంటే పొలాలకి పోయేవాళ్లకి కుదరదు, బడి పంతుళ్లకి కుదరదు, సుందరం సబ్‌స్టేషన్‌లో ఖాళీగా కూర్చుంటాడు కదా అన్నారు. ఖాళీగా! నేను కూడా ఔను కదా అని సంతోషంగా ఒప్పుకున్నాను, పైగా నన్నే అడ్మిన్ చేశారు, నాకు పెద్ద పదవి వచ్చినంత సంబరం. ఎవరు ఆమేన్ పెట్టారు, ఎవరు పెట్టలేదు అని చూడడమే నా పని అయిపోయింది. పెట్టనివాళ్లకి ఫోను చేసి మందలించేవాణ్ణి, అలా మందలించిన రోజుల్లో నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది లేదు.

తర్వాత పాటలు వచ్చాయి, పాటల వెనక ప్రసంగాలు వచ్చాయి, ప్రసంగాల వెనక ఒక బోధకుణ్ణి ఇంకొక బోధకుడు తిట్టే వీడియోలు వచ్చాయి. బాప్తిస్మం ఇలా ఇవ్వాలి అని ఒకాయన, అలా ఇస్తే చెల్లదు అని ఇంకొకాయన, కింద జనం కొట్లాట. నేనూ దిగాను సహోదరులారా, దిగకుండా ఎలా ఉంటాను, అసలే నాకు ముక్కు మీద కోపం! ఊరూ పేరూ తెలియని ఎవడో ఒకడు మన విశ్వాసాన్ని వెక్కిరిస్తూ రాస్తే, వాడికి జవాబు రాసేదాకా నాకు ముద్ద దిగేది కాదు, వాడు మళ్లీ రాసేవాడు, నేను మళ్లీ రాసేవాణ్ణి, ఇదంతా ప్రభువు కోసం చేస్తున్న యుద్ధం అనుకున్నాను. అందుకే అడుగుతున్నాను, ఎక్కడో చల్లటి గదుల్లో కూర్చుని ఈ యాపులు తయారు చేసిన పెద్దమనుషులకి, వెల్దుర్తి మెట్టల మధ్య కూర్చున్న ఒక ఆపరేటరుకి ఏది చూపిస్తే కోపం వస్తుందో ఎలా తెలిసింది? తాగేవాడికి సీసా చూపించినట్టు నాకు తగువు చూపించారు. బూతు బొమ్మ చూపిస్తే నేను ఫోను విసిరికొట్టేవాణ్ణి, అది వాళ్లకి తెలుసు, అందుకే నాకు భక్తి చూపించి కట్టిపడేశారు.

ఆఫీసువాళ్లని కూడా వదిలిపెట్టాలని లేదు నాకు. డ్యూటీలో ఫోను వాడరాదు అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, గంట గంటకీ మీటరు రీడింగు ఫొటో తీసి గ్రూపులో పెట్టమని ఆర్డరు ఉంటుంది. ఒకసారి ఆ గోడ మీద రాతకి రంగు వేయించి, వేయించినట్టు ఫొటో పెట్టమన్నారు కూడా. కల్లు పాక ముందు కూర్చోబెట్టి, కుండ వైపు చూడకు, కానీ గంటకొకసారి కుండలో ఎంత ఉందో చెప్పు అన్నట్టుంది వీళ్ల వ్యవహారం. రీడింగు ఫొటో పెట్టడానికి ఫోను తీసేవాణ్ణి, ఫొటో పెట్టేవాణ్ణి, ఆ తర్వాత ఫోను నన్ను వదిలిపెట్టేది కాదు.

మా ఆవిడ దీవెనమ్మ ముందే కనిపెట్టింది. ఒకరోజు క్యారేజీ తెచ్చి, నేను తల ఎత్తకుండా అక్కడ పెట్టు అంటే, కాసేపు నిలబడి చూసి, "ఏందయ్యా, దేవుడు ఆ ఫోను లోపలే కాపరం పెట్టాడా? బయట ల్యాడా?" అని పోయింది. నేను దాన్ని అవిశ్వాసం కింద జమకట్టి, ఆమె కోసం కూడా గ్రూపులో ప్రార్థన మనవి పెట్టాను. ఆ మనవికి చాలామంది ఆమేన్ అన్నారు.

తువ్వాలు ఆచారం పోగొట్టింది కూడా నేనే, అది దాచి లాభం లేదు. బాబాయి ఎల్సీకి వచ్చినప్పుడల్లా నేను లేచి తాళం తీయాలి, ఆయనతో బ్రేకరు దాకా నడవాలి, ఆయన ముడి వేసేదాకా నిలబడాలి, మళ్లీ వచ్చి విప్పేటప్పుడు అదంతా మొదటికి. అంతసేపు ఫోను వదలాలంటే నాకు చిరాకు వచ్చేది. ఒకరోజు, ఎందుకు బాబాయ్ అంత దూరం బండేసుకుని రావడం, పెట్రోలు దండగ, ఫోను చేస్తే నేను ఆపనా అన్నాను. ఆయన కాసేపు తటపటాయించి సరేనన్నాడు. మోకాళ్ల నొప్పుల మనిషి, నేను ఆయన మంచికే చెప్పాననుకున్నాడు. ఆ రోజు నుంచి తువ్వాలు ఆయన భుజం మీదే ఉండిపోయింది. మనుషులు పని చేస్తున్నారు అని రాసి ఉండే రేకు పలక ఒకటి బ్రేకరుకి తగిలించాలి, అది మంచినీళ్ల కుండ మీద మూత అయింది.

ఆషాఢం గాలి మా వైపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ గాలికి ఒకరోజు పొద్దున పొలాల లైను మీద తుమ్మ కొమ్మ విరిగిపడి, స్తంభం దగ్గర తీగలకి చిక్కుకుంది. బాబాయి ఫోను చేశాడు, నేను బ్రేకరు ఆపాను, ఎల్సీ ఇచ్చాను బాబాయ్, ఎక్కు అన్నాను. ఇంతవరకు బాగానే ఉంది. ఫోను పెట్టేయబోతూ చూస్తే, ఆ వెక్కిరించేవాడు మళ్లీ ఏదో రాసి ఉన్నాడు, ఈసారి నా పేరు పెట్టి మరీ, నీలాంటి వేషధారుల వల్లే అని మొదలుపెట్టి. నా ఒళ్లు మండిపోయింది. కూర్చున్నాను, రాయడం మొదలుపెట్టాను, వాడు జవాబిచ్చాడు, వాడికి వంత పాడేవాళ్లు వచ్చారు, నా వైపు మాట్లాడేవాళ్లు వచ్చారు, నేను ఎక్కడ ఉన్నానో, ఎవరికి ఏ మాట ఇచ్చానో అంతా కొట్టుకుపోయింది.

ఆ మధ్యలో ఒక రైతు ఫోను. కరెంటు ఎప్పుడిస్తావయ్యా, మిరప నారు వాడిపోతోంది అని. పెట్టేశాను. మళ్లీ చేశాడు. పెట్టేశాను. మూడోసారి చేసి ఇంక తిట్టడమే మొదలుపెట్టాడు. వాడితో కొట్లాట మధ్యలో వీడొకడు అని నాకు ఎక్కడలేని కోపం వచ్చి, లైను ఎందుకు ఆగి ఉందో ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, గాలికి బ్రేకరు తనంతట తానే పడిపోయి కరెంటు ఆగింది కాబోలు అనుకుని, ఎడమచేతిలో ఫోను పట్టుకునే వెళ్లి, కుడిచేత్తో స్విచ్చు తిప్పాను. పిడికి తువ్వాలు ఉంటే చెయ్యి ఆగేది. లేదు.

టప్పున పేలినట్టు చప్పుడై బ్రేకరు పడిపోయింది. ఆ చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది సహోదరులారా, కళ్లు తెరిచి నిద్రపోయినవాడికి మెలకువ రావడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. బాబాయి పైన ఉన్నాడు!

ఫోను చేశాను, మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. అదే చేత్తో, అదే ఫోనులో. పరిగెత్తి పోదామంటే సబ్‌స్టేషన్ వదిలి పోకూడదు. మోకాళ్లు వంగలేదు, చేతులు జోడించుకోవడానికి రాలేదు, బైబిలు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే నా నోటికి ఒక్కటీ అందలేదు. బ్రేకరు ముందు నిలబడి, "ప్రభువా, ఆయన్ని దించు. ప్రభువా, ఆయన్ని దించు" అన్నాను. అన్నేళ్ల గొలుసు ప్రార్థనలో నేను నిజంగా చేసిన ప్రార్థన అదొక్కటే. గ్రూపులో పెట్టలేదు, ఎవరూ ఆమేన్ అనలేదు, అయినా దేవుడు విన్నాడు. దేవునికే మహిమ!

గేటు దగ్గర బాబాయి బండి చప్పుడు వినిపించింది. ఆయన నడిచి లోపలికి వచ్చాడు. నడిచి వచ్చాడు! నేను ఎదురు పోబోయాను, చేత్తో అక్కడే ఆగమన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా చేతిలో ఫోను చూశాడు, పిడి వైపు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను.

"ఒరేయ్ సుందరం, నేను స్తంభం ఎక్కేది తీగను చూసి కాదురా. నిన్ను చూసి ఎక్కుతా. ఇయ్యాల్టి నుంచి నువ్వు నాకు కనపడటంలే" అన్నాడు. అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఎలా బతికాడో ఆయన నాకు చెప్పలేదు, దీవెనమ్మ వెళ్లి అడిగితే చెప్పాడు. స్తంభం మీద పని మొదలుపెట్టబోతుంటే చేతికి పట్టిన చెమటకి కటింగ్ ప్లయర్ జారి కింద పడిందట, మోకాళ్ల నొప్పికి తిట్టుకుంటూ దిగి, చాళ్లలో వెతుకుతున్నాడట, తల మీద కొమ్మ భగ్గుమంది. ఆయన దాన్ని అదృష్టం అన్నాడు. నేను అనను. తన పేరు చెప్పుకుని నేను కొట్లాడుతున్న సమయంలో, తన పేరు ఎన్నడూ పలకని మనిషిని ఆ మనిషి చెమట చుక్కతోనే కాపాడినవాడు నా దేవుడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గూ సంతోషమూ ఒకేసారి వస్తాయి.

బాబాయి పైవాళ్లకి ఒక్క మాట చెప్పి ఉంటే నా ఉద్యోగం ఆ రోజే పోయేది. చెప్పలేదు. నా షిఫ్టులో ఎల్సీ తీసుకోవడం మాత్రం మానేశాడు. నేను డ్యూటీలో ఉంటే ఎంత పని ఉన్నా ఇంట్లో కూర్చునేవాడు, ఇంకో ఆపరేటరు వచ్చాకే బండి తీసేవాడు. లైన్లు ఆలస్యం అయ్యేవి, రైతులు నన్ను తిట్టేవాళ్లు. వీధిలో ఎదురైతే చెట్టుని దాటిపోయినట్టు దాటిపోయేవాడు. మిగతా ఎవరు క్షమించినా, ఆ మనిషి మళ్లీ నా మాట మీద స్తంభం ఎక్కేదాకా నాకు విడుదల లేదని నాకు తెలుసు.

ఇక మానేద్దామని నేను పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. యాపులన్నీ తీసేశాను, రెండు రోజులకి చెయ్యే పోయి మళ్లీ వేసింది. బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టుకున్నాను, ఆ సాయంత్రమే ఒట్టు గురించిన ప్రసంగం చూస్తూ దొరికిపోయాను. మాచర్ల వెళ్లి బటన్ల ఫోను కొనుక్కొచ్చాను, రీడింగు ఫొటోలు ఎలా పెడతావు అని ఆఫీసరు గారు కేకలేశారు. ఆదివారం సంఘంలో లేచి, డ్యూటీలో ఉన్నవాళ్లని గొలుసు ప్రార్థన నుంచి తప్పించండి అని జరిగినదంతా చెబితే, ఒక పెద్దాయన, ప్రార్థనకే అడ్డం పడుతున్నావా, ఇది నీ చేత సాతాను పలికిస్తున్న మాట అన్నాడు. నేను ఊరుకుంటానా! ప్రార్థనకి కాదయ్యా, ఆమేన్ అని వేలితో కొట్టి ప్రార్థన అయిపోయిందనుకునే సోమరితనానికి అడ్డం పడుతున్నాను అన్నాను. రోగికి సూది వేసే నర్సమ్మని, క్వారీ లారీ నడిపే డ్రైవరుని, పని మధ్యలో ఆమేన్ పెట్టలేదేమని అడిగే సంఘం, పెట్టాక ఆ రోగి ఏమయ్యాడు అని ఎప్పుడైనా అడిగిందా? తర్వాతి ఆదివారం అయ్యగారు, చేతిలో ఇంకొకరి ప్రాణం ఉన్నప్పుడు ఆ పనే నీ ప్రార్థన అని చెప్పి, పగటి గొలుసు ఆపించారు. ఆ పెద్దాయన నాతో ఇంకా సరిగా మాట్లాడడం లేదు, ఫరవాలేదు.

కానీ నా చెయ్యి నాకు లొంగలేదు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మందిరానికి పోయి చాప మీద కూలబడ్డాను. అప్పుడు చేసిన ప్రార్థన భక్తిగా లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "ప్రభువా, నేను నీ పేరు మీదే కదా కొట్లాడాను, నన్నెందుకు ఆపలేదు? ఆ యాపు చేసినోళ్లకి నా కోపం తెలుసు, నీకు తెలీదా? నన్ను నేను నమ్ముకుని ఓడిపోయినా. నా మాట నాకే నమ్మకం లేదు. ఇక నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అన్నాను. ఆకాశవాణి ఏమీ వినిపించలేదు. ఏడ్చి ఏడ్చి ముఖం తుడుచుకుందామని భుజం మీది తువ్వాలు తీశాను. తీసి, దాన్నే చూస్తూ ఉండిపోయాను. నా మాట మీద నాకు నమ్మకం లేదన్నాను కదా, ఆ తువ్వాలు కట్టిన పాతకాలపువాళ్లు ఆపరేటరు మాటని ఎన్నడూ నమ్మలేదు! ఎంత మంచివాడికైనా ధ్యాస తప్పుతుందని వాళ్లకి తెలుసు. అందుకే ఎక్కేవాడి ముడి ఎక్కేవాడి చేతిలోనే పెట్టారు. జవాబు నా భుజం మీదే ఉంచి దేవుడు నన్ను అంత దూరం నడిపించాడు.

ఆ సాయంత్రమే బాబాయి ఇంటికి వెళ్లాను. పిన్ని మంచినీళ్లిచ్చింది, ఆయన అన్నం తింటూ తల ఎత్తలేదు. గడప దగ్గరే నిలబడి, "బాబాయ్, నా మాట నమ్మొద్దు. మునుపట్లా తువ్వాలు కట్టు" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని లోపలికి పోయాడు. నేను వచ్చేశాను. రోజులు గడిచాయి, ఆయన రాలేదు. నేను మాత్రం కుండ మీద రేకు పలక తీసి కడిగి బ్రేకరు దగ్గర పెట్టాను, కుర్చీని బ్రేకరు ఎదురుగా తిప్పుకున్నాను. ఆ రోజుల్లో కూడా రెండుసార్లు ఆ కొట్లాటల్లోకి చూశాను, చూడలేదని అబద్ధం రాయను.

మిరప మొక్కలు నాటే రోజుల్లో మళ్లీ లైను పోయింది. నా షిఫ్టు. రైతుల ఒత్తిడి ఎక్కువగా ఉంది, ఇంకో ఆపరేటరు వచ్చేసరికి పొద్దు పోతుంది. గేటు ముందు బాబాయి బండి ఆగింది. నా వైపు చూడకుండా తిన్నగా లోపలికి వచ్చి, లైను ఆపమన్నాడు. ఆపాను. భుజం మీది తువ్వాలు తీశాడు. తీసి, పిడికి కట్టబోయి ఆగి, నా ముందు అరచెయ్యి చాపాడు.

"ఫోను ఇటియ్యి."

ఇచ్చాను. తువ్వాలు ఒక కొసలో ఫోను పెట్టి మూట కట్టాడు, రెండో కొసతో పిడికి ముడి మీద ముడి వేశాడు. "నేనొచ్చిందాకా ఇది ఇక్కడ్నే ఉంటది. నువ్వూ ఇక్కడ్నే ఉండు" అని వెళ్లిపోయాడు.

ఇక చూడండి సహోదరులారా! అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న ఆ ఫోను, మూటలో పడ్డ కప్పలాగా గంతులు వేయడం మొదలుపెట్టింది. మెసేజీ మీద మెసేజీ. ఎవడు ఏం రాశాడో, నన్ను ఏమన్నాడో అని నా వేళ్లు దురద పెట్టాయి, నా కోపం నా గొంతు దాకా వచ్చింది. ఆ కోపాన్ని మొట్టమొదటిసారి దానికి మేత వేయకుండా దాని మీదికే తిప్పాను. మోగు, ఎంతసేపు మోగుతావో మోగు, నీకు కావలసింది నా కళ్లు, ఇవాళ నా కళ్లు బాబాయివి అన్నాను. పైకే అన్నాను. కళ్లు మూసుకోలేదు, చేతులు జోడించలేదు, ఆ ముడి వైపు చూస్తూ కూర్చున్నాను, అదే నా ప్రార్థన. కాసేపటికి ఒక రైతు ఫోను చేసి చేసి విసిగి, బండి వేసుకుని అరుస్తూ వచ్చాడు. నేను తువ్వాలు చూపించాను. ఆయన దాని వైపు చూసి, వెళ్లి బయట అరుగు మీద కూర్చున్నాడు. ఆ రైతు కూడా మొక్కలు వాడిపోతున్నా కూర్చుని ఎదురుచూశాడు.

బాబాయి తిరిగి వచ్చాడు. బట్టల నిండా తుమ్మ ఆకు. ముడి విప్పాడు, మూట విప్పాడు, ఫోను బల్ల మీద పెట్టాడు, తువ్వాలు దులిపి ముఖం తుడుచుకుని భుజాన వేసుకున్నాడు. "ఇక ఇయ్యి" అన్నాడు. నేను స్విచ్చు మీద చెయ్యి వేసి పక్కకి చూశాను. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు, మట్టి అంటిన రెండు చేతులూ నా కళ్ల ముందే ఉన్నాయి. ఆ చేతులు చూస్తూ స్విచ్చు తిప్పాను. చప్పుడు లేదు. దూరంగా పొలాల్లో మోటార్లు అందుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఆయన చూడనట్టు నటించి పొగాకు తీశాడు.

అప్పటినుంచి మా సబ్‌స్టేషన్‌లో అన్ని షిఫ్టులకీ అదే పద్ధతి. ఎల్సీ ఉంటే ఆపరేటరు ఫోను తువ్వాలు మూటలోనే. ఆ గంటలో రీడింగు ఫొటో రాలేదేమని ఆఫీసరు గారు గ్రూపులో అందరి ముందూ నన్ను తిట్టారు. మనిషి స్తంభం మీద ఉన్నాడండీ అని ఒక్క ముక్క రాశాను. ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు తిడుతూనే ఉంటారు, నేను అదే ముక్క రాస్తూనే ఉంటాను. కామెంట్ల యుద్ధం మాత్రం వదిలేశాను, ఒక్కసారిగా కాదు, ఊతకర్ర పట్టుకుని నడిచినట్టు మెల్లగా. నన్ను వేషధారి అన్నవాడు ఎవడో నాకు ఇప్పటికీ తెలియదు. వాడన్నది ఆ రోజుకి నిజమే.

బాబాయి మన దేవుణ్ణి నమ్ముకున్నాడా అని మీరు అడుగుతారు, సంఘంలో అందరూ అడిగారు. లేదు. మీ దేవుడి సంగతి నాకు తెలియదు, నువ్వు కళ్లు తెరుచుకుని కూర్చుంటున్నావు, అది చాలు అన్నాడు. నేను అన్నేళ్లు కామెంట్లలో రాసిన జవాబులన్నిటికంటే ఆయన చూస్తున్న ఈ సాక్ష్యమే పెద్దదని నా నమ్మకం. మిగతాది ప్రభువు చూసుకుంటాడు, అక్కడ కూడా నేను అడ్మిన్‌ని కాను.

నా తోటి విశ్వాసులారా, నన్ను విడిపించిన దేవుడు మిమ్మల్ని కూడా విడిపిస్తాడు, ఆయన్ని నమ్మండి, మీ బలాన్ని మాత్రం నమ్మకండి, నేను నమ్మి చూశాను. మీ పనిలో మీకొక ముడి కావాలి, అది ఇంకొకరి చేతిలో ఉండాలి, ఎవరి చేతిలో పెట్టాలో ప్రభువుని అడగండి, చూపిస్తాడు. ఇంకొక్క మాట, ఈ పేజీని ఫోనుతో ఫొటో తీసి అందరికీ పంపకండి, చదివాక పక్కింటివాళ్లకి ఇవ్వండి. మీరు కుట్టు మిషను ముందు ఉన్నా, లారీ స్టీరింగు ముందు ఉన్నా, పొయ్యి ముందు ఉన్నా, మీ మాట నమ్ముకుని ఎవరో ఒకరు ఈ క్షణాన ఎక్కడో స్తంభం మీద ఉన్నారు. వాళ్లు క్షేమంగా దిగి వచ్చి, రెండు చేతులూ మీ ముందు నిలిపి, ముడి విప్పేదాకా కళ్లు తెరుచుకుని ఉందాం. ఆమేన్ ఆ తర్వాత చెబుదాం.